మిగిలింది సున్నా

అప్పలసూరి గారు భార్యతో చేపల పులుసు గురించి పోట్లాడుతుండగా ఆ శనివారం ఆయన గంట పూర్తయింది.

"మా సెల్లి పెళ్ళయిన మర్నాడు, మామిడికాయ ఏసిన పులుసు. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నావు మావా," అంటోంది పైడమ్మ గారు.

"రెండుసార్లే. మూడోది నువ్వు బలవంతంగా ఏసీసినావు."

"నానేస్తే నువ్వు తినీసినావు కదా. తిన్నది లెక్కా, ఏసింది లెక్కా?"

అద్దానికి ఇవతల కూర్చున్న నేను నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. నాకు పెళ్ళయి ముప్పై మూడు రోజులు. ఎవరి ఆలుమగలు పోట్లాడుకున్నా ముచ్చటగా అనిపించే రోజులు. చేతి నిండా గాజులు వేసుకుని కీబోర్డు మీద టైపు చేస్తుంటే మా టెక్నీషియన్ దాలినాయుడు గారు, "అమ్మా నీరజా, నువ్వు కోడు రాస్తంటే మూడో అంతస్తుకి ఇనిపిస్తంది," అని వెక్కిరించేవారు. వినిపిస్తే విననీ అనుకునేదాన్ని.

దాలినాయుడు గారు ముగింపు మీట నొక్కారు. ఆరు సెకన్లు అంతా సవ్యంగా నడిచింది. ఏడో సెకనులో ప్రోగ్రాం కూలిపోయి తెర ఎర్రబడింది. అద్దం అవతల అప్పలసూరి గారి మెడ వెనక్కి వంగిపోయింది. చేతులు కుర్చీ పట్టీలను తెంపుకునేలా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. డాక్టర్ వసుంధర గారు పరుగెత్తారు. పైడమ్మ గారు మాత్రం కదలకుండా ఆయన రెండు పాదాలనూ ఒళ్ళోకి తీసుకుని, "అయిపోనాది మావా, అయిపోనాది," అంటూ కూర్చుంది. రెండు నిమిషాల పది సెకన్లు. ఆయన నోటి పక్కనుంచి రక్తం కారింది. నాలిక కొరుక్కున్నారు.

అది ఎనిమిదోసారి.

రెండేళ్ళ కిందట మెదడువాపు జ్వరం వచ్చి తగ్గాక అప్పలసూరి గారికి చేతులు, కాళ్ళు, మాట అన్నీ మిగిలాయి. మనుషులు పోయారు. విశాఖ ఓడరేవులో ఇరవై ఆరేళ్ళు క్రేన్ నడిపిన చెయ్యి ఇప్పటికీ ఏ మీట ఏమిటో చెప్పగలదు. పక్కన కూర్చున్న భార్య ఎవరో ఆ మనిషి చెప్పలేడు. అలాంటివారి కోసం వసుంధర గారు తయారుచేసినదే 'ఊతం'. రోగి గురించి అయినవాళ్ళ దగ్గర ఉన్న జ్ఞాపకాలను ఒక్కొక్కరి నుంచి ఒక్కో పొరగా తీసి, టోపీలాంటి పరికరంతో రోగి మెదడుకి గంటసేపు తోడుగా ఎక్కిస్తుంది. ఆ గంటా ఆయన తన మనుషులను పోల్చుకుంటారు, నవ్వుతారు, పులుసు దగ్గర పోట్లాడతారు. గంట దాటితే పరాయి జ్ఞాపకాల బరువు మెదడు మొయ్యలేదు. దించెయ్యాలి. ఆ పని పొరలన్నీ కలిసి వాడుకునే ఉమ్మడి కోడ్ చేస్తుంది, దాన్ని మేము లైబ్రరీ అంటాం. ప్రోగ్రాం ముగిసే సమయంలో ఆ లైబ్రరీలోని శుభ్రం చేసే కోడ్ పొరలను ఒక్కొక్కటిగా విప్పి, తుడిచి, ఖాళీ చేస్తుంది. నడుస్తున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేని ప్రోగ్రాం సరిగ్గా అక్కడే, వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ గడపలో, కూలిపోతోంది.

ఆ మధ్యాహ్నం వసుంధర గారు తన గదిలోకి పిలిచి మెదడు చిత్రాలు చూపించారు. ఒక చోట తెల్లటి చిన్న మచ్చ.

"మొదటి వారం ఇది లేదు నీరజా. ఈ ఫిట్స్ ఇంకో నాలుగైదుసార్లు వస్తే మాట పోవచ్చు. మనిషే పోవచ్చు. వచ్చే శనివారం లోపల నీకు కారణం దొరక్కపోతే నేను ఊతం ఆపేస్తాను."

"ఆపేస్తే పైడమ్మ గారు?"

ఆమె చిత్రాన్ని మళ్ళీ కవరులో పెట్టారు.

*

ఇంటి దగ్గర ఆయన ఎలా ఉంటున్నారో చూద్దామని ఆదివారం ఉదయం కంచరపాలెం వెళ్ళాను. మా ఆయన అభిరామ్ స్కూటర్ మీద దింపాడు. దారిలో స్కూటర్ ఆపి మరీ మరమరాల మురీ మిక్చర్ కొనిపెట్టాడు. ఉదయం తొమ్మిదింటికి మురీ మిక్చర్ ఎవరు తింటారని నేనంటే, "కొత్త పెళ్ళికూతుళ్ళు తింటారు, మా ఆఫీసులో అందరూ చెప్పారు," అన్నాడు. పొట్లం చివర మిగిలిన నిమ్మరసం తగిలిన పల్లీలు నాకే ఇచ్చాడు. ఇలాంటివన్నీ ఆ రోజుల్లో నాకు పెద్ద విషయాలు.

అప్పలసూరి గారు అరుగు మీద కూర్చుని వెల్లుల్లి పాయలు ఒలుస్తున్నారు. నాలిక వాచి మాట ముద్దగా వస్తోంది. మమ్మల్ని చూసి లోపలికి కేకేశారు.

"పైడీ! ఎవురో ఒచ్చినారు."

పైడమ్మ గారు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. స్కూలు పిల్లలకి మధ్యాహ్న భోజనం వండే మనిషి, భుజాలు గట్టివి, గొంతు గట్టిది. నన్ను లోపలికి లాక్కుపోయి, తలుపు పక్కన నిలబెట్టి, గొంతు తగ్గించింది.

"ఇన్నావా పాపా? పైడీ అన్నాడు."

"విన్నానండీ."

"మొదటి వారం గంట ఉండేది. మిషను దిగినాక ఇంటికొచ్చి రెండు ముద్దలు తినేలోపు ఎల్లిపోయేది. తరవాత పూటయింది. ఇప్పుడు శనారం, ఆదోరం, సోమారం మజ్జానం దాకా నాను పైడినే. అప్పుడు మెల్లిగా నా మొకం కేసి సూడ్డం మానెస్తాడు. మంగళారం పొద్దున్న 'అమ్మా, మీ ఇంట్లో నీళ్ళెక్కడుంటాయి' అని అడుగుతాడు. సొంత ఇంట్లో." ఆమె నవ్వబోయి మానేసింది. "అలగడిగితే కుండ సూపిస్తాను. ఏటి సేస్తాను? మళ్ళీ శనారం కోసం సూస్తాను."

"పెరుగుతోందన్నమాట."

"ఎదుగుతంది పాపా! మా డాట్టరమ్మా అదే సెప్పినాది, బుర్ర సొంతంగా బాగవుతందని. ఇలాగే ఎదిగితే దసరాకి వారమంతా నాను పైడినే." అంతలోనే ముఖం మారింది. "ఆ కొట్టుకోడం ఒక్కటి ఆపించు. నీకు దణ్ణం పెడతాను. ఆడి కాళ్ళు పట్టుకుంటే నా సేతుల్లో ఏటో సచ్చిపోతన్నట్టుంటాది."

వెళ్ళబోతుంటే ఒక మాట అడిగింది.

"ఇంకోటి. మీ ల్యాబులో ఆ బోర్డు మీద నా పేరు మొదట రాస్తారేటి? మా అత్త ఎర్రయ్యమ్మ బతికే ఉంది కదా, ఊర్లో. ఆవిడ జ్ఞాపకాలు కూడా మీరే పట్టుకెళ్ళినారు కదా. అత్త ఉండగా కోడలి పేరు ముందుంటే ఎవురైనా ఏటనుకుంటారు?"

మా టెక్నీషియన్ ఒప్పుకోలు కాగితాల మీద సంతకాల వరుసలో పేర్లు రాస్తారని, పైడమ్మ గారు ముందు సంతకం పెట్టారు కాబట్టి ఆమె పొర ముందు ఎక్కుతుందని చెప్పాను. ఆమెకి నచ్చలేదు. "సంతకాన్ని బట్టేటి పెద్దరికం," అని గొణుక్కుంది. అరుగు మీద నుంచి, "పైడీ, ఈ వెల్లుల్లి సరిపోద్దేటి?" అని వినిపించగానే ఆ గొణుగుడు మధ్యలో వదిలేసి పరుగెత్తింది.

*

మా దగ్గర పరీక్షల కోసం 'బొమ్మ తల' ఉంది. అసలు మెదడులాగే పొరలను ఎక్కించుకుని దించుకునే ఒక పెట్టె. దాని మీద నేను సోమవారం, మంగళవారం, బుధవారం కలిపి నాలుగు వందల సార్లు ప్రోగ్రాంని నడిపి ముగించాను. ఒక్కసారీ కూలిపోలేదు. దాలినాయుడు గారి పొర, నా పొర ఎక్కిస్తాను. దించుతాను. పచ్చదీపం. మళ్ళీ ఎక్కిస్తాను. పచ్చదీపం.

"బొమ్మకి రోగం లేదమ్మా," అన్నారు దాలినాయుడు గారు. "సూరి గారికే రోగం."

గురువారం ఉదయం అభిరామ్ చొక్కా బొత్తాం కుడుతూ ఉన్నాను. కుట్టడం నాకు సరిగ్గా రాదు, కానీ అడిగి మరీ తీసుకున్నాను. పెళ్ళినాడు తలంబ్రాల బియ్యపుగింజ ఒకటి అతని చెవిలో ఇరుక్కుని రిసెప్షన్ అయ్యేదాకా రాని సంగతి చెప్పుకుని నవ్వుకుంటున్నాం. అతను చెప్పేదానికీ నేను చెప్పేదానికీ చిన్న చిన్న తేడాలు. గింజ ఒకటే. నా చేతిలో సూది ఆగిపోయింది.

పరీక్షకి పొరల్లోకి ఎక్కించినవి ఎవరి ఇంటి సంగతులు వాళ్ళవి. దాలినాయుడు గారికీ నాకూ మధ్య ఒకే జ్ఞాపకం ఏముంది? ఏమీ లేదు. మేమిద్దరం పరాయివాళ్ళం. కుటుంబంలో వాళ్ళ పొరలు అలా ఉండవు. ఒకే సంగతి ఇద్దరిలో ఉంటుంది. అలాంటప్పుడు లైబ్రరీ చోటు కలిసొస్తుందని దాన్ని రెండుసార్లు ఎక్కించదు. వయసులో పెద్దవారి పొరలో అసలు సంగతి ఉంచి, చిన్నవారి పొరలో 'అక్కడ చూడు' అని ఒక చీటీ పెడుతుంది.

"అభీ, ఇవాళ మధ్యాహ్నం సెలవు పెట్టు."

"సినిమాకా?"

"నీ బుర్ర కావాలి. గంటసేపు."

"పెళ్ళిలోనే ఇచ్చేశాను కదా," అన్నాడు. అయినా వచ్చాడు.

అతని పొర తీశాం. దాలినాయుడు గారు అతన్ని పెళ్ళికొడుకుగారూ అని పిలిచి, టోపీ పెడుతూ, "భయమేటి బాబూ, ఇంట్లో కన్నా ఇక్కడే నయం," అన్నారు. బొమ్మ తలకి ముందు నా పొర ఎక్కించాను, తరవాత అతనిది. ముగింపు మీట నొక్కాను. ఒకటి, రెండు, మూడు... ఏడు. తెర ఎర్రబడింది.

నేను కుర్చీలోంచి ఎగిరి అరిచాను. ప్రోగ్రాం కూలిపోవడాన్ని అంత ఆనందంగా నేనెప్పుడూ చూడలేదు. మా ఇద్దరికీ కలిసి ఉన్నవి ముప్పై ఎనిమిది రోజులే. అవి చాలాయి.

కూలే ముందు ప్రోగ్రాం వేసిన చివరి అడుగుల జాబితా తీసి చూస్తే అంతా అద్దంలా కనబడింది. పొరలు ఎక్కిన వరుసకి తిరగేసి దిగుతాయి. చివర ఎక్కినది ముందు దిగుతుంది. అభి నాకన్నా పెద్దవాడు, అసలు సంగతులు అతని పొరలో ఉన్నాయి. అది చివర ఎక్కింది, ముందు దిగిపోయింది, దానితో పాటే మా ఇద్దరి ఉమ్మడి సంగతులూ తుడుచుకుపోయాయి. తరవాత నా పొర వంతు. దాన్ని తుడిచే కోడ్ చీటీ పట్టుకుని 'అక్కడ' చూడబోయింది. అక్కడ ఏమీ లేదు. లేనిచోట చెయ్యి పెట్టి కుప్పకూలింది. అప్పలసూరి గారి తలలోనూ ఇంతే. పైడమ్మ గారు ముందు ఎక్కుతోంది, అత్తగారు తరవాత. దిగేటప్పుడు అత్తగారు ముందు వెళ్ళిపోతోంది, కోడలి పొర ఆవిడ కోసం వెతికి కూలిపోతోంది.

వరుస మార్చాను. పెద్దవాడు అభి ముందు, నేను తరవాత. మీట నొక్కాను. ఏడు సెకన్లు, పది, పన్నెండు. పచ్చదీపం. దాని కింద ఒక వాక్యం: 'మిగిలింది: సున్నా.'

"అంతేనా?" అన్నాడు అభి. "పేర్లు అటూ ఇటూ మార్చడమేనా?"

"అంతే! పెద్దవాళ్ళు ముందు ఎక్కాలి, చివర దిగాలి. పైడమ్మ గారు చెబుతూనే ఉన్నారు." మర్యాదా కోడూ ఒకే మాట చెప్పినందుకు నాకు పట్టరాని సంతోషం వేసింది. దాలినాయుడు గారు బోర్డు దగ్గరికెళ్ళి చేత్తో తుడిచి, అత్తగారి పేరు పైన, కోడలి పేరు కింద రాశారు. ఆ సాయంత్రం క్యాంటీన్‌లో అందరికీ కోవా పంచాను.

*

శనివారం. గంట అయింది. మీట నొక్కారు. ఏడో సెకను దాటింది.  పన్నెండో సెకనుకి పచ్చదీపం వెలిగింది. అప్పలసూరి గారు కుర్చీలో నిద్రలోంచి లేచినట్టు కళ్ళు నులుముకున్నారు. మెడ వంగలేదు. చేతులు కొట్టుకోలేదు. ఆయన పాదాలు పట్టుకుని సిద్ధంగా కూర్చున్న పైడమ్మ గారు కాసేపు నమ్మలేనట్టు చూసి, వాటిని మెల్లగా నేల మీద పెట్టి, నా వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. వసుంధర గారు నన్ను కావలించుకున్నారు. ఇంటికెళ్ళి అభికి ఆ పన్నెండు సెకన్లూ నటించి చూపించాను.

ఆదివారం ఫోన్ రాలేదు. వస్తుందని నేనూ అనుకోలేదు.

సోమవారం ఉదయం ల్యాబ్‌కి వెళ్ళేసరికి పైడమ్మ గారు మెట్ల మీద కూర్చుని ఉంది. స్కూలుకి వెళ్ళలేదు.

"ఏమైందండీ? మళ్ళీ ఫిట్స్ వచ్చాయా?"

"రాలేదు పాపా. సుబ్బరంగా ఉన్నాడు." నేల వైపు చూస్తూ చెప్పింది. "శనారం ఆటో దిగినాక ఇంటి ముందు ఆగి, 'అమ్మా, ఇదెవరిల్లు' అన్నాడు. సరే, అలిసిపోనాడు అనుకున్నాను. అన్నం పెడితే 'మీరు తిన్నారేటి' అని అడిగినాడు. రాత్రి బయట అరుగు మీద పడుకుంటానన్నాడు. పరాయి ఆడదాని ఇంట్లో పడుకుంటే తప్పంట. నిన్న అంతా అంతే. పైడీ అని ఒక్కసారి అన్లేదు. ఒక్కసారి."

"ఒక్కోసారి అలా..."

"మూడ్రోజులు ఉండేది కదా. మూడ్రోజులూ ఏమైపోనాయి?"

నేను పైకి పరుగెత్తాను. పాత ఎనిమిది శనివారాల రికార్డులు తెరిచాను. ఏ ఒక్కదాని చివరా 'మిగిలింది' అన్న వాక్యం లేదు. ఎలా ఉంటుంది? ఆ వాక్యం దాకా రాకముందే ప్రోగ్రాం కూలిపోయేది. పైడమ్మ గారి పొరని తుడవడం మొదలుపెట్టి, అత్తగారి కోసం వెతికి, అక్కడే ఆగిపోయేది. తుడవాల్సినదంతా తుడవకుండానే ఆయన తలలో ఉండిపోయేది. వారం వారం కొంచెం కొంచెం పేరుకునేది. పూట, రోజు, రెండున్నర రోజులు.

వసుంధర గారు నా వెనక నిలబడి తెర మీద అంకెలు చదివారు. చాలాసేపు చదివారు. మూడేళ్ళ పరిశోధన మీద ఆమె రాస్తున్న వ్యాసం మొత్తం ఆ రెండున్నర రోజుల మీద నిలబడి ఉంది.

"కోలుకోలేదన్నమాట," అన్నారు చివరికి. "మనం తుడవకుండా వదిలేసినది ఆయన దగ్గర ఉంది. అంతే." కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మొన్న నువ్వు సరిచేశాక మొదటిసారి పూర్తిగా తుడిచింది. ఎనిమిది వారాలదీ ఒకేసారి."

"నేను చూడాల్సిందండీ. సున్నా అని కనబడితే సంతోషించాను."

"నేనూ సంతోషించాను."

కింద మెట్ల మీద కూర్చున్న మనిషికి ఈ సంగతి నేనే చెప్పాను. చీటీలు, వరుస, అన్నీ నాకు చేతనైనట్టు చెప్పాను. ఆమె అంతా విని, ఒకటే అడిగింది.

"అయితే కొట్టుకుంటేనే నాను గుర్తుంటాను. కొట్టుకోపోతే ఉండను. అంతే కదా?"

"అంతేనండీ."

"మళ్ళీ నా పేరు ముందెట్టగలవా?"

పెట్టగలను. బోర్డు మీద రెండు పేర్లు మార్చడమే. ఆ తెల్లమచ్చ గురించి చెప్పాను. ఇంకో నాలుగైదుసార్లు అని వసుంధర గారు అన్నది చెప్పాను. ఆమె వేళ్ళు మడిచి ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టుకుంది. మళ్ళీ లెక్కపెట్టుకుంది. వచ్చే శనివారం చెబుతానని లేచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అభి తలుపు తీసి, "ఏయ్, ఏమైంది?" అనగానే నేను అతని చేత నా పేరు పలికించుకున్నాను. ఎందుకో అడక్కుండా రెండుసార్లు పలికాడు.

*

శనివారం వసుంధర గారు ఒక నిర్ణయంతో వచ్చారు.

"ఆయన్నే అడుగుదాం," అన్నారు. "ఆ గంటలో ఆయనకి అన్నీ తెలుస్తాయి. తల ఆయనది."

కొత్త వరుసలోనే ఎక్కించాం, అత్తగారు ముందు, కోడలు తరవాత. అప్పలసూరి గారు కళ్ళు తెరిచి భార్యను చూసి, "ఏటే, చిక్కిపోనావు?" అన్నారు. ఆమె నవ్వింది. పావుగంట ఊరి సంగతులు నడిచాయి. అప్పుడు వసుంధర గారు ఆయన ఎదురుగా కూర్చుని మెల్లగా అంతా చెప్పారు. క్రేన్ నడిపిన మనిషి కాబట్టి ఆయనకి తొందరగానే అర్థమైంది.

"అంటే ఇప్పుడు ఈ గంట అయిపోగానే ఇది నాకు ఎవురో తెలీదు."

"అవును."

"తెలియాలంటే?"

డాక్టర్ గారు కుర్చీ పక్కనున్న ఎర్ర మీట వైపు చూశారు. ప్రమాదం జరిగితే వాడడానికి పెట్టినది. నొక్కితే ప్రోగ్రాం ఏదీ తుడవకుండా ఒక్కసారిగా ఆగిపోతుంది. పొరలు లోపలే ఉండిపోతాయి. ఫిట్స్ వస్తాయి. ఆ సంగతి దాచకుండా చెప్పారు. మచ్చ బొమ్మ కూడా చూపించారు.

అప్పలసూరి గారు ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశారు.

"ఎర్రది నొక్కీయండి."

"నోర్ముయ్ మావా," అంది పైడమ్మ గారు.

"ఏటే నోరు మూసీది? తల నాది. డాట్టరమ్మే సెప్పింది."

"తల నీదే. కాళ్ళు పట్టుకునేది నాను. రెండు నిమషాలు. నీకు తెలీదు, నువ్వు అప్పుడుండవు. నానుంటాను."

"రెండు నిమషాలకి మూడ్రోజులు ఒస్తాయి కదే. మంచి బేరం కాదేటి?"

"ఎన్నిసార్లు? నాలుగుసార్లు. ఐదోసారి నిన్ను ఏ బేరమాడి తెచ్చుకోను?"

ఆయన కుర్చీలో ఆమె వైపు తిరిగారు. తరవాత గొంతు తగ్గించి, మేమందరం అక్కడ లేనట్టే మాట్లాడారు.

"పైడీ. నీ ఇంట్లో నిన్ను 'మీరు' అని పిలిచే ఎదవని ఎన్నాళ్ళు సాకుతావే?"

"ఆ ఎదవ మంచోడే. అన్నం పెడితే నువ్వు తిన్నావా అనడుగుతాడు. ముప్పై ఏళ్ళలో నువ్వెప్పుడైనా అడిగినావా?"

ఆయన నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే చెయ్యి చాచారు, ఇరవై ఆరేళ్ళు మీటలు వెతకకుండా అందుకున్న చెయ్యి. పైడమ్మ గారు అంతకంటే ముందే లేచింది. ఎర్ర మీట మీద తన అరచెయ్యి పెట్టేసింది. ఆయన వేళ్ళు ఆమె చేతి వెనక వచ్చి ఆగాయి. నొక్కలేదు. తీయలేదు. ఆమె చేతి మీదే చెయ్యి ఉంచి, మిగిలిన సమయమంతా ఇద్దరూ అలాగే మాట్లాడుకున్నారు. ఏమి మాట్లాడుకున్నారో తెలియదు, నేను మైకు కట్టేశాను. దాలినాయుడు గారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

తెర మీద గంట పూర్తయింది. దాలినాయుడు గారు మీట దగ్గరికి రాలేదు. వసుంధర గారు నన్ను చూశారు. నేను అద్దంలోంచి పైడమ్మ గారిని చూశాను. ఆమె చెయ్యి తీయకుండానే నాకు తల ఊపింది.

ముగింపు మీట నేనే నొక్కాను. ఒకటి. రెండు. ఐదో సెకను దాకా ఆయన ఆమెనే చూస్తున్నారు. ఎనిమిదో సెకనులో కళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి, చూపు మారింది. పదో సెకనులో తన చెయ్యి ఎవరో ఆడమనిషి చేతి మీద ఉండడం గమనించుకుని, కంగారుగా వెనక్కి తీసుకున్నారు.

"అయ్యో, తప్పమ్మా. సూసుకోలేదు."

"పరవాలేదు," అంది పైడమ్మ గారు. ఎర్ర మీట మీంచి తన చెయ్యి తీసి చీరకి తుడుచుకుంది.

దాలినాయుడు గారు లోపలికెళ్ళి టోపీ విప్పారు. అప్పలసూరి గారు లేచి, చొక్కా సర్దుకుని, తలుపు దాకా వచ్చి, ఎటు వెళ్ళాలో తెలియక ఆగారు. వెనక వస్తున్న ఆమెను మర్యాదగా అడిగారు.

"అమ్మా, మీరెటు ఎల్తన్నారు? నన్ను ఆటో ఎక్కించగలరేటి?"

"కంచరపాలెం," అంది ఆమె. "రండి బాబూ. నానూ అటే ఎల్తన్నాను."